మీటల కథ


ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర నాకు రాదు. ముప్పై ఏళ్లు నా వేళ్ల కింద నలిగిన మీటల సంగతి రాస్తాను.

అమెరికాలో షోల్స్ అనే ఆయన రూపొందించిన టైపు మిషనును రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టింది. ఇంగ్లీషు మీటల వరుస ఈనాటికీ దాదాపు అదే. మన తెలుగుకు మాత్రం అంత సులువుగా కుదరలేదు. గుణింతాలు, వత్తులు కలిస్తే వందల రూపాలు. మిషను మీద మీటలేమో యాభై లోపే! అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు, కొమ్ము, వత్తు వేర్వేరుగా కొట్టి అతికించాలి. చూసేవారికి టైపు, చేసేవాడికి తాపీపని.

1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య గారు తొలి అధ్యక్షులుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. ఆ ఉత్సాహంలోనే నేనూ తెలుగు టైపు నేర్చుకున్నాను. ఒకసారి కరువు పనుల నివేదిక తెలుగులో కొట్టి పంపితే, పై కార్యాలయం వారు ఇంగ్లీషులో పంపమని తిప్పి పంపారు. రాత్రి లాంతరు ముందు కూర్చుని మళ్లీ కొట్టాను. తెలుగు ప్రతిని చింపడానికి మనసొప్పక ట్రంకుపెట్టెలో దాచాను.

కంప్యూటర్లు వచ్చాక నా విద్య మూలన పడింది. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి. క, పొల్లు, ష వరుసగా కొడితే వత్తును అదే కట్టుకుంటుంది.

మొన్న దసరాకు అయిజ వచ్చిన మా మనవడు నాకోసం తీగ లేని కీబోర్డు చేశాడు. డెబ్బై మీటలకు డెబ్బై తీగలు కావాలేమో అనుకున్నాను. అయిదు అడ్డు వరుసలు, పద్నాలుగు నిలువు వరుసలు, మొత్తం పంతొమ్మిది తీగలే. ఏ రెండు కలిశాయో చూసి, గోరంత చిప్పు మీటను గుర్తుపట్టి బ్లూటూత్‌లో కబురు పంపుతుంది. పని లేనప్పుడు నిద్రపోతుంది, మీట తగిలితే లేస్తుంది. (కొందరు గుమాస్తాల కంటే నయం.) అందుకే చిన్న బ్యాటరీతో చాలా రోజులు నడుస్తుందట.

"ఇందులో తెలుగు ఎక్కడుందిరా?" అన్నాను.

"ఇందులో లేదు తాతా. ఇది మీట నంబరే పంపుతుంది. అక్షరం కంప్యూటర్లో ఉంటుంది" అన్నాడు.

మా మిషనులో అక్షరం ఉక్కులో ఉండేది. పాత అలవాటుకు వేళ్లు రోజూ దారి తప్పుతున్నాయి. అయినా ట్రంకుపెట్టె తెరిచి, ఆ నివేదికను తిరిగి కొట్టడం మొదలుపెట్టాను. రెండు పేజీలు అయ్యాయి.