నైటింగేల్ చేతి లాంతరు

నర్సింగ్ కాలేజీల్లో కొత్త బ్యాచ్ పిల్లలు దీపం చేతపట్టి ప్రతిజ్ఞ చేస్తారు. ఆ ఆనవాయితీకి మూలం ఫ్లోరెన్స్ నైటింగేల్. బొమ్మల్లో ఆమె చేతిలో తరచుగా కనిపించేది ముక్కున్న నూనె దీపం. లండన్‌లో 1915లో నిలిపిన విగ్రహం చేతిలోనూ అదే.

అదే నగరంలో, సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలోని నైటింగేల్ మ్యూజియానికి వెళ్తే కనిపించే దీపం వేరు. అది టర్కీ లాంతరు. పైనా కిందా లోహపు బిళ్లలు, మధ్యలో మడతలు పెట్టిన పలచని గుడ్డ, లోపల కొవ్వొత్తి. పైకి లాగితే హార్మోనియం తిత్తిలా సాగుతుంది, నొక్కితే మడతపడిపోతుంది. నడిచేటప్పుడు గాలికి ఆరిపోకుండా మంటను గుడ్డ కాపాడుతుంది.

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, 38 మంది నర్సులతో ఆమె ఇస్తాంబుల్ పక్కన ఉన్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. వరండాల పొడవునా పడకలే. రాత్రిళ్లు లాంతరుతో ఆమె తిరిగే దృశ్యాన్ని పత్రికలు ఇంటింటికీ చేర్చాయి. 1857లో అమెరికన్ కవి లాంగ్‌ఫెలో కవిత కట్టాడు. లాంతరును కళ్లారా చూడని చిత్రకారులు ప్రాచీన గ్రీకుల నూనె దీపాన్ని ఆమె చేతిలో పెట్టేశారు.

లాంతరు వెలుగులో ఆమె చూసిన చావులకు అసలు కారణం యుద్ధం ముగిశాక లెక్కల్లో తేలింది. 1855 జనవరి ఒక్క నెలలో బ్రిటిష్ సైన్యంలో గాయాలతో పోయినవారు 83 మంది, అంటురోగాలతో పోయినవారు 2,761 మంది! ఆసుపత్రి కిందే మురుగు నిలిచి ఉండేది. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య కమిషన్ కాలువలు కడిగించి, గాలి ఆడేలా చేశాక మరణాలు బాగా తగ్గాయి. గణాంకవేత్త విలియం ఫార్ తోడ్పాటుతో ఆమె ఈ లెక్కలను 1858లో రంగుల చక్రాలుగా గీసి, ప్రభుత్వం కళ్లు తెరిపించింది.

ప్రజలు కృతజ్ఞతతో ఇచ్చిన విరాళాలతో 1860లో సెయింట్ థామస్‌లోనే నర్సుల శిక్షణాలయం మొదలైంది. రోగిని గమనించడం, గాలీ వెలుతురూ శుభ్రతా చూడటం నర్సు విద్యలో భాగమని ఆమె పట్టుబట్టింది.

అందుకే ప్రతిజ్ఞ రోజున పిల్లలకు కరుణతో పాటు ఆ మురుగు కాలువల కథా, ఆ లెక్కలూ చెప్పాలి. వార్డులో ఏదో తేడాగా ఉందని తోచినప్పుడు నర్సు దాన్ని రాసిపెట్టి, పైవాళ్లను నిలదీయగలగాలి. నైటింగేల్ చేసింది అదే.