తలంటు పుట్టుపూర్వోత్తరములు

తలంటు మన గృహకృత్యములలో మిక్కిలి సామాన్యమైనది. సామాన్యమగుటచేతనే దాని చరిత్రమును వ్రాయ పూనినవారు అరుదు. రాజుల జయములకు శిలాశాసనములు కలవు. పండుగనాడు కోడికూతకు లేచి కుంకుడుకాయలు కొట్టిన చేతులకు శాసనములు లేవు. అయినను మాటలను పరిశీలించినచో ఆ చేతుల జాడ కొంత తెలియగలదు.

అంగడిలో సీసాలయందు అమ్ముడుపోవు "షాంపూ"ను ఇంగ్లీషు మాటయని తలచువారు పెక్కురు. నిజమునకు హిందీలో "చాంప్నా" యనగా ఒత్తుట, పిసుకుట. "చాంపో" యనగా ఒత్తుమని చెప్పుట. ఈ మాటకు ఇంగ్లండులో ప్రతిష్ఠ కలిగించినవాడు 1759లో పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు. అతడు ఈస్టిండియా కంపెనీ సైన్యములో పనిచేసి, 1784లో ఐర్లండు చేరి, 1794లో తన ప్రయాణ వృత్తాంతమును ఇంగ్లీషున ప్రకటించెను. 1810లో లండను నగరమున హిందూదేశపు భోజనశాలను తెరచి నష్టపడెను. పిమ్మట బ్రైటను పట్టణమున ఆవిరిస్నానశాల నెలకొల్పి, ఓషధుల ఆవిరితో దేహమును మర్దించు చికిత్సకు "షాంపూయింగు" అని పేరిడి, 1822లో దానిపై గ్రంథము వ్రాసెను. నాలుగవ జార్జి, నాలుగవ విలియం రాజులిద్దరును అతనిని ఆదరించిరి. 1851లో అతడు కాలధర్మము నొందెను.

ఆనాటి షాంపూ అంగమర్దనమే. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని ఆ మాటకు తల కడుగుట యను అర్థము స్థిరపడలేదు. తరువాత 1903లో బెర్లిను నగరమున హాన్సు ష్వార్జ్‌కోఫు తల కడుగు పొడిని అమ్మెను. 1934లో అమెరికాలో రసాయన నిర్మితమైన "డ్రీన్" వెలువడెను. ఈవిధముగా చేతిపనికి చెల్లిన పేరు క్రమముగా సీసాలోని సరకునకు చెల్లినది.

మన తెలుగుమాట మాత్రము మారలేదు. "అంటు" అనగా పూయుట, రుద్దుట. తలంటు అను పేరులో కాయలేదు, నూనెలేదు. ఉన్నది చేయి ఒక్కటే. సంస్కృతమున "అభ్యంగము" అనినను ఆ భావమే. వాగ్భటుడు అష్టాంగహృదయమున నిత్యాభ్యంగమును విధించి, తలకును చెవులకును పాదములకును విశేషముగా నూనె రాయవలెననెను. అజీర్ణముతో బాధపడువారు దానిని మానవలెననియు చెప్పెను. శాస్త్రకారుడు చెప్పినది ఇంతే. ఏ తలకు ఎన్ని కాయలు, ఎంత వేడినీరు, ఎంతసేపు నానవలెను అను వివరము అత్త కోడలికిని, తల్లి కూతురికిని చేతితో నేర్పిన విద్య.

ఆ విద్యకు హేతువు లేకపోలేదు. కుంకుడుకు సంస్కృతమున "ఫేనిలము" అని పేరు; ఫేనమనగా నురుగు. 1753లో లిన్నేయసు ఈ జాతి చెట్లకు "సాపిండసు", అనగా హిందూదేశపు సబ్బు, అని నామకరణము చేసెను. కాయపై గుజ్జులో సపోనిను అను పదార్థము కలదు. దాని అణువున కొకకొన నీటితో కలియును, వేరొకకొన జిడ్డుతో కలియును. అందుచే జిడ్డు నీటిలో తేలి కొట్టుకొనిపోవును. ఉప్పునీటి బావులుగల మెట్టసీమలలో సబ్బు నీటిలోని సున్నముతో చేరి, విరిగి, వెండ్రుకలకు తెట్టు పట్టించును. కుంకుడురసము అట్లు విరుగదు.

ముందుగా నూనె అంటుటకును కారణము కలదు. కుంకుడు జిడ్డును గట్టిగా లాగును. నూనె లేని తల ఎండి గరుకగును. కొబ్బరినూనె వెండ్రుకలోనికి చొచ్చి, కడుగునప్పుడు కలుగు మాంసకృత్తుల నష్టమును తగ్గించునని 2003లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపినది.

చేయు విధము సులభము. పది పండ్రెండు కాయలను కొట్టి, గింజలు తీసి, తొక్కలను అరగంటసేపు వేడినీట నానవేసి, చేతితో పిసికి, పలుచని గుడ్డతో వడకట్టవలెను. మెత్తదనము కావలసినవారు మందారాకు నూరి కలుపుదురు. శీకాయపొడిలో మెంతులు చేర్చుదురు. ఈ రసము నిలువ ఉండదు. ఏనాటిది ఆనాడే వాడవలెను. చెట్టునుండి వచ్చినది గనుక హానిచేయదనుకొనుట పొరపాటు. ఈ రసము కంట పడిన మండును. మడుగున కలిసిన చేపలు చచ్చును. ప్రకృతి అను పేరు చూచి మోసపోక, పదార్థగుణము తెలిసి వాడుట వివేకము.

ఇంతవరకు చెప్పినది మన పెద్దల బుద్ధికుశలత. ఇక వారి కాఠిన్యమునుగూర్చియు చెప్పవలెను. తాంబూలము, అభ్యంగము, కంచుపాత్రలో భోజనము సన్యాసికిని బ్రహ్మచారికిని వితంతువునకును కూడవని స్మృతివచనము కలదు. సన్యాసి ఆ నియమమును కోరి తెచ్చుకొనెను. బ్రహ్మచారికి అది కొలదికాలముతో తీరును. పదియేండ్ల బాలవితంతువు దేనిని కోరినది? అనేక గృహములలో దీపావళినాడు నీళ్లు కాచినది ఆమె, కాయలు కొట్టినది ఆమె, పిల్లలకు తలంటినది ఆమె. ఆమె తలకు మాత్రము మంగలికత్తి విధింపబడెను. ఇంటిల్లిపాదికి శుభము కలిగించిన చేయి తన తలకు అశుభమెట్లయ్యెనో ఏ శాస్త్రియు చెప్పజాలడు.

1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. పునర్వివాహమును మనము పసుపు కుంకుమలతోనే తలచుకొందుము. తన తల తనదను స్వాతంత్ర్యమును గూడ దానితో లెక్కింపవలెను.

కావున ఆచారమును ఉంచుకొనువారు దానితో వచ్చిన అన్యాయమును ఉంచుకొనరాదు. కుంకుడు మంచిదే, నూనె మంచిదే. అయితే సహజద్రవ్యమని మెచ్చుకొనుచు ఆ శ్రమనంతయు తిరిగి ఆడువారి నెత్తిన వేయుట సంస్కారము కానేరదు. కాయలు కొట్టుట కుమారులకు నేర్పుడు. పండుగనాడు మొదటి తలంటు, ఇన్నియేండ్లు ఇతరులకు తలంటిన ఆమెకు జరుగనిండు.