టేపు చుట్టలూ, రెండక్షరాల ఆదేశమూ

ప్రత్యేక సంచికకు మన కంప్యూటరు గది గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. ఆ గది అనగానే మనలో చాలామందికి చలి, చెప్పులు బయట విడిచిపెట్టడం, గాజు తలుపు వెనుక గిర్రున తిరిగే టేపు చుట్టలు గుర్తుకొస్తాయి. మన జీతాలు, ప్రావిడెంటు ఫండు ఖాతాలు, నేటి పెన్షనుకు ఆధారమైన సర్వీసు వివరాలు ఆ చుట్టల మీదనే ఉండేవి.

టేపు చరిత్ర మన గది కంటే చాలా పాతది. 1951లో అమెరికా జనాభా లెక్కల శాఖకు అందిన యూనివాక్ కంప్యూటరులో వాడిన టేపు ప్లాస్టిక్‌ది కాదు, నికెల్ పూత పూసిన కంచు రేకు. మరుసటి ఏడాది ఐబీఎమ్ కంపెనీ తన 726 యంత్రంతో ప్లాస్టిక్ టేపు తెచ్చింది. అంగుళానికి 100 అక్షరాలు, సెకనుకు 75 అంగుళాల వేగం. అంత వేగంలో ఒక్కసారిగా ఆగి మళ్ళీ కదిలితే టేపు పుటుక్కున తెగదా? అందుకని గాలిని పీల్చే నిలువు గొట్టాలలో కొంత టేపును వదులుగా వేలాడనిచ్చారు. యంత్రం ముందు నిలబడితే ఆ టేపు పైకీ కిందికీ ఊగుతూ కనిపించేది. 1973 నాటికి అంగుళానికి 6250 అక్షరాలు పట్టాయి.

ఆ రోజుల్లో టేపు పని చేతి పని. చుట్ట వెనుక ప్లాస్టిక్ రింగు ఉంటేనే యంత్రం దాని మీద వ్రాసేది. పాత లెక్క చెరిగిపోకూడదంటే రింగు తీసేసేవాళ్ళం. టేపు మొదట్లో అంటించిన వెండి రంగు ముక్కను చూసి యంత్రం తన చోటు గుర్తుపట్టేది. హెడ్డును స్పిరిటుతో తుడవడం మరిచామా, ఆ రాత్రి పని సగంలో ఆగినట్టే.

యూనిక్స్ వచ్చాక బొత్తాముల పని కీబోర్డుకు మారింది. 1979 నాటి యూనిక్స్‌లో వచ్చిన ‘టార్’ ఫైళ్ళను మూట కట్టి టేపు మీదకు పంపేది. బర్క్లీ యూనిక్స్‌లోని ‘ఎమ్‌టీ’ టేపును నడిపేది. ‘ఎమ్‌టీ రివైండ్’ అంటే చుట్ట మొదటికి వెళ్ళేది. ‘ఎమ్‌టీ ఎఫ్ఎస్ఎఫ్ 2’ అంటే రెండు ఫైలు గుర్తులు దాటి ఆగేది. ‘ఎమ్‌టీ స్టేటస్’ అంటే యంత్రం పరిస్థితి చెప్పేది. అయితే ఒకే యంత్రానికి రెండు పేర్లుండేవి. ఒక పేరుతో పిలిస్తే పని కాగానే టేపు తనంతట తానే మొదటికి చుట్టుకునేది. ‘ఎన్’ అక్షరం కలిసిన రెండో పేరుతో పిలిస్తే ఉన్నచోటనే నిలిచేది.

ఆ ఒక్క అక్షరం నా కొంప ముంచింది. 1991లో ఒక నెలాఖరు రాత్రి ప్రావిడెంటు ఫండు ఫైలు టేపుకెక్కించి, వెనువెంటనే జీతాల ఫైలు పంపాను. ‘ఎన్’ మరిచాను. టేపు మొదటికి పోయి, జీతాలు ఫండు మీదనే కూర్చున్నాయి. తెరపై ఒక్క తప్పూ చూపలేదు. మా సూపర్‌వైజరుగారికి మాత్రం వ్రాసిన ప్రతి టేపునూ తిరిగి చదివించే అలవాటు. “వ్రాశావు సరే, చదివించు నాయనా” అన్నారు. చదివిస్తే ఒక్కటే ఫైలు! డిస్కు మీది ఫండు ఫైలును అప్పటికే తుడిచేశాను. కాగితం లెడ్జర్లు ఉండబట్టి బతికాం. ముగ్గురం మూడు రాత్రులు కూర్చుని అంకెలన్నీ మళ్ళీ ఎక్కించాం. ఆయన పై అధికారికి నా పేరు చెప్పలేదు.

టేపు కాలం చెల్లిందనుకునే పిల్లలకు ఒక మాట. 2011 ఫిబ్రవరిలో గూగుల్ సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమయ్యాయి. డిస్కులపై ఉన్న నకళ్ళకూ ఆ లోపం తగిలింది. చివరకు టేపుల నుండే ఉత్తరాలను తిరిగి తెచ్చారు. 2000లో వచ్చిన ఎల్‌టీవో టేపు పెట్టెలో 100 గిగాబైట్లు పట్టేవి. 2021 నాటి తొమ్మిదో తరం దానిలో 18,000. ఐబీఎమ్ ఈ యంత్రాల పరీక్షకు ‘ఐటీడీటీ’ అనే పరికరం ఇస్తున్నది. అదీ ఆదేశాలు టైపు చేసి నడిపించేదే. ‘స్కాన్’ అంటే తగిలించిన యంత్రాలను వెతికి చూపుతుంది. ‘టెస్ట్’ అంటే టేపు మీద వ్రాసి, చదివి, ఫలితం చెబుతుంది. ఆ పరీక్షకు పనికిరాని టేపే పెట్టాలి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది గనుక. మా సూపర్‌వైజరుగారి పద్ధతే, కాకపోతే ఇప్పుడు యంత్రం చేస్తోంది.

ఆ గదిలో రాత్రి డ్యూటీలు చేసిన సభ్యుల వద్ద నాటి ఫోటోలు ఏవైనా ఉంటే కార్యదర్శిగారికి అందజేయవలసిందిగా మనవి. నా దగ్గర ఒక్కటీ లేదు.