గాలిలో కలిసిన నేల: ఇంగ్లండ్ ఫెన్స్ చరిత్రకు ఒక సవరణ

తూర్పు ఇంగ్లండ్‌లోని ఫెన్స్ ప్రాంతం గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇంజనీర్ల విజయగాథతో మొదలుపెడతారు. బురదలో మునిగి ఉన్న నేలను ఎండగట్టి, దేశంలోకెల్లా సారవంతమైన సాగుభూమిగా మార్చారన్నది ఆ కథ. దానికో అనుబంధం కూడా ఉంది. నీరు తీసేసరికి అక్కడి పీట్ నేల పిండిన స్పాంజిలా అణిగిపోయిందనీ, ఆ విజయానికి అది చెల్లించక తప్పని మూల్యమనీ అంటారు. నా అభ్యంతరమంతా ఈ అనుబంధం మీదే. పీట్ మామూలు మట్టి కాదు. నీటిలో మునిగి, ప్రాణవాయువు అందక, పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు వేల ఏళ్లుగా పేరుకున్న పొర అది. ఎండిన పీట్ బరువులో దాదాపు సగం కర్బనమే. నీరున్నంత కాలం ఆ కర్బనం అక్కడే ఉంటుంది. నీరు తీశాక గాలి చొరబడుతుంది, సూక్ష్మజీవులు దాన్ని తింటాయి, కర్బనం బొగ్గుపులుసు వాయువుగా పైకి పోతుంది. నేల అణగడం వేరు, నేలే లేకుండా పోవడం వేరు. చరిత్రకారులు మొదటిదాన్ని విపులంగా రాసి రెండోదాన్ని ఒక వాక్యంతో సరిపెట్టారు.

తొలి దశ అందరికీ తెలిసిందే. 17వ శతాబ్దంలో బెడ్‌ఫర్డ్ ఎర్ల్, ఆయనతో చేరిన పెట్టుబడిదారులు డచ్ ఇంజనీరు కార్నేలియస్ వెర్మూడెన్‌ను పెట్టి పొడవాటి కాలువలు తవ్వించారు. ఆ తర్వాత పొలాలు కుంగి కాలువల కంటే పల్లమయ్యాయి, నీరు తనంతట పారడం మానేసింది. అప్పుడు గాలిమరలు, 19వ శతాబ్దంలో ఆవిరి యంత్రాలు వచ్చాయి. స్ట్రెతమ్‌లో 1831లో నెలకొల్పిన ఆవిరి ఇంజను నేటికీ చూడొచ్చు.

అసలు వివాదం 1851లో మొదలవుతుంది. ఆ ఏడాది లండన్ మహా ప్రదర్శనలో అందరినీ ఆకట్టుకున్న ఆపోల్డ్ పంపు లాంటిదాన్నే తెచ్చి విటిల్సీ మియర్ అనే పెద్ద సరస్సును ఎండగట్టారు. 1852 నవంబరులో గట్టు తెగి నీరు మళ్లీ నిండితే మళ్లీ తోడేశారు. నేల ఎంత కుంగుతుందో చూడాలని దగ్గర్లోని హోమ్ ఫెన్‌లో, పీట్ పొర గుండా అడుగునున్న బంకమట్టి దాకా ఒక ఇనుప స్తంభం దించారు. దాని కొస అప్పటి నేలకు సమంగా ఉండేది. 1860కల్లా అది సుమారు 1.4 మీటర్లు బయటపడింది, 1892కి సుమారు 3 మీటర్లు. ఇప్పుడది దాదాపు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. మొదట్లో వేగంగా కుంగి, తర్వాత నెమ్మదించి, చివరికి కుదుటపడిన నేల అని దీన్ని చదవడం పరిపాటి. మొదటి పదేళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. నీటి మట్టం దిగితే పై పొరను తేల్చి ఉంచే ఆధారం పోతుంది, ఆ బరువుకు కింది పొర నలుగుతుంది, ఎండిన పై పొర ముడుచుకుంటుంది. కానీ నలగడానికి ఒక హద్దు ఉంటుంది. ఆ తర్వాతి ముప్పై రెండేళ్లలో మరో 1.6 మీటర్లు దిగడాన్ని నలుగుడు ఒక్కటే వివరించలేదు. నేల దిగినకొద్దీ కాలువలు లోతు చేశారు, పాత పంపు స్థానంలో బలమైన పంపు పెట్టారు. దాంతో అంతవరకు తడిగా ఉన్న మరో పొరకు గాలి తగిలింది. నేల తరుగుదలకు కారణంగా వెర్మూడెన్ కాలువలనే చెప్పుకుంటారు గానీ, నా దృష్టిలో అసలు కారణం ఇలా నేల వెంటపడి నీటిని కిందికి తరుముతూ పోయిన పంపులు.

దీనికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: సూక్ష్మజీవులే కారణమైతే 1892 తర్వాత వేగం అంతగా ఎందుకు తగ్గింది? జవాబు స్తంభం చుట్టూ ఉంది. అది నిలిచిన చోటు దుక్కి నేల కాదు, చాలా కాలంగా బిర్చ్ చెట్ల అడవి. దున్ని, పంట వేసి, ఏటా గాలి తగలనిచ్చే పొలాల్లో పీట్ ఏడాదికి 1 నుంచి 2 సెంటీమీటర్లు తరుగుతున్నట్టు కొలతలున్నాయి. అడవిలోని స్తంభాన్ని చూసి పొలాల సంగతి తేల్చడం సరికాదు. చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక హెక్టారులో 1 సెంటీమీటరు మందం అంటే 100 ఘనపు మీటర్లు. సాగు పీట్‌లో ఘనపు మీటరుకు 200 కిలోల ఎండు పదార్థం ఉందనుకుంటే మొత్తం 20 టన్నులు, అందులో కర్బనం దాదాపు 10 టన్నులు. సమశీతోష్ణ దేశాల్లో నీరు తీసి సాగు చేసే పీట్ నేలలకు వాతావరణ మార్పుల అంతర్ ప్రభుత్వ సంఘం 2013లో ఇచ్చిన సగటు హెక్టారుకు ఏటా 7.9 టన్నుల కర్బనం. వేర్వేరు దారుల్లో వచ్చిన ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటం కేవలం అణుగుడు వాదానికి గట్టి దెబ్బే. అయితే పోయిందంతా సూక్ష్మజీవుల పద్దులో వేయలేం. పూర్వం పై పొరను చెక్కి కాల్చేవారు. వసంతంలో లేచే ఈదురుగాలులు ఎండిన పొడిని ఎత్తుకుపోతాయి, అలా పోయినదంతా వెంటనే వాయువు కాదు. ఈ మినహాయింపులు లెక్కను కొంత తగ్గిస్తాయే గాని దాని దిశను మార్చవు.

నీరు తిరిగి నిలిపితే మీథేన్ పుడుతుంది కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే, దాన్ని దాటవేయకూడదు. బ్రిటన్, ఐర్లండ్ పీట్ నేలలపై కొలతల ఆధారంగా 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన మీథేన్‌ను కూడా కలిపి లెక్కగట్టింది. ఉపరితలానికి 30 సెంటీమీటర్ల లోతు దాకా నీటి మట్టాన్ని తెచ్చేటప్పుడు, పెంచిన ప్రతి 10 సెంటీమీటర్లకూ హెక్టారుకు ఏటా కనీసం 3 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారం తగ్గుతుందని అది తేల్చింది. అంటే పొలాలన్నిటినీ ముంచాల్సిన పని లేదు. తిండి పంటల మాటేమిటని అడిగే రైతుకు ఇది సగం జవాబే అవుతుంది. కూరగాయల సాగుకు ఆ నేల నిజంగానే అమూల్యం, తడి నేలలో పండే పంటలకు ఇంకా సరైన బజారు లేదు. కానీ ఇదే తీరున సాగితే ఆ పీట్ ఎలాగూ మిగలదు, కింద తేలేది బంకమట్టి.

2001లో మొదలైన గ్రేట్ ఫెన్ పథకం హోమ్ ఫెన్, వుడ్‌వాల్టన్ ఫెన్ అనే రెండు రక్షిత ప్రాంతాలను కలుపుతూ సుమారు 3,700 హెక్టార్లను మళ్లీ తడి నేలగా మార్చాలని పూనుకుంది. అది మంచి పని, నేను మనసారా హర్షిస్తాను. అయినా ఫెన్స్ మొత్తం విస్తీర్ణంలో అది చిన్న ముక్క. దాన్ని చూపించి మిగతా పొలాల్లో నీటి మట్టం జోలికి వెళ్లకపోతే పాత తప్పు కొనసాగుతున్నట్టే. పైగా బ్రిటన్‌లో వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఇదొకటి. చలికాలపు వరద నీటిని పంపులు నదుల్లోకి ఎత్తి సముద్రానికి సాగనంపుతాయి, వేసవి వచ్చేసరికి అదే పొలాలకు తడి కరువవుతుంది. ఆ చలికాలపు నీటిని నిల్వ చేసే చెరువులకు, కాలువ మట్టాన్ని పొలం పొలానికీ వేరుగా నిలిపే తూములకు డబ్బు పెట్టకుండా, పీట్ రక్షణ గురించి ప్రభుత్వాలు ప్రకటించే లక్ష్యాలను నేను నమ్మలేను.