ప్రతులకు: రచయిత

పాత తెలుగు నవల ఏదైనా చేతిలోకి తీసుకుని మొదటి పుటలు తిప్పండి. ప్రథమ ముద్రణ ఏ సంవత్సరమో, ప్రతులు ఎన్నో (చాలామటుకు వెయ్యి), వెల ఎంతో చెప్పిన తరువాత "ప్రతులకు" అన్న మాట కనబడుతుంది. దాని కింద ఏ విజయవాడ ఏలూరు రోడ్డులోని పుస్తకాల దుకాణం చిరునామానో ఉంటే ఆ రచయిత అదృష్టవంతుడు. ఎన్నో పుస్తకాలలో అక్కడ ఉండేది రచయిత ఇంటి చిరునామాయే. అంటే రాసినవాడే కాగితానికీ అచ్చుకీ డబ్బు కట్టాడు, తానే ప్రూఫులు దిద్దుకున్నాడు, కట్టలు రిక్షాలో ఇంటికి తెచ్చుకుని అటకెక్కించాడు. గ్రంథాలయాలవాళ్ళు కొన్ని కొంటారేమోనని ఎదురుచూశాడు. చివరికి అడిగినవారికీ అడగనివారికీ పంచిపెట్టాడు.

బ్లాగ్మిత్రులారా, ఈ టపా ఆ "ప్రతులకు" అన్న మాట గురించే. ఈ-పుస్తకం వచ్చాక ప్రతి అన్నదే లేకుండా పోయింది, అటక ఖాళీ అయింది. మరి రచయిత బరువు తగ్గిందా? కథలూ నవలలూ రాసుకుని తామే ప్రచురించుకునే వాళ్ళ బ్రతుకు ఈ కొత్త కాలంలో ఎలా సాగింది? దీనికి సమాధానం వెతకాలంటే ముందు అమెరికా వెళ్ళాలి. ఈ మార్పు అన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే స్పష్టంగా కనబడింది అక్కడే.

మనకు స్వీయ ప్రచురణ ఒక అలవాటు. అమెరికాలో అది తలవంపు. సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నవారిని అక్కడ ఆడంబరం కోసం అచ్చేసుకున్నవారిగా చూసేవారు. పెద్ద పత్రికలు సమీక్షించేవి కావు, దుకాణాలు బల్లమీద పెట్టేవి కావు. ఈ కట్టడిని కదిలించి చూసినవారిలో అనామకులే కాదు, స్టీఫెన్ కింగ్ కూడా ఉన్నాడు. 2000 మార్చిలో ఆయన రాసిన 'రైడింగ్ ద బుల్లెట్' అన్న పెద్ద కథను ఆయన ప్రచురణకర్తలే ఈ-పుస్తకంగా మాత్రమే విడుదల చేస్తే మొదటి 24 గంటల్లోనే సుమారు 4 లక్షల ప్రతులకు కోరిక వచ్చింది. అదే ఏడాది జులైలో ఆయన ప్రచురణకర్తను పక్కనపెట్టి 'ద ప్లాంట్' అనే నవలను తానే భాగాలుగా అమ్మడం మొదలుపెట్టాడు. దింపుకున్నవారిలో నూటికి 75 మంది డబ్బు చెల్లిస్తే కొనసాగిస్తానన్నాడు. ఆరు భాగాలతో డిసెంబరులో ఆపేశాడు. ఆ నవల ఇప్పటికీ అసంపూర్ణమే. అంత పేరున్నవాడికే నిలవనిది సామాన్యుడికి ఏం నిలుస్తుందని అప్పుడు చాలామంది అనుకుని ఉంటారు.

2007 నవంబరులో అమెజాన్ సంస్థ కిండిల్ అనే చదివే పరికరాన్ని 399 డాలర్లకు విడుదల చేసింది. దానితోపాటే, ఎవరైనా తమ రచనను తామే ఎక్కించి అమ్ముకునే ఏర్పాటూ చేసింది. తొలుత రచయితకు దక్కింది వెలలో నూటికి 35 వంతులు. 2010 జనవరిలో, ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను ప్రకటించడానికి ఒక వారం ముందు, ఆ వాటాను 70కి పెంచుతున్నట్టు అమెజాన్ ప్రకటించింది. జూన్ చివరినుంచి అది అమలయింది. షరతు ఏమంటే వెల 2.99, 9.99 డాలర్ల మధ్య ఉండాలి. అందువల్ల 99 సెంట్లకు అమ్మితే రచయిత చేతికి వచ్చేది 35 సెంట్లు, 2.99కి అమ్మితే సుమారు 2 డాలర్లు. ఆ రోజుల్లో స్వీయ ప్రచురణ నవలల వెలలు ఈ రెండు అంకెల దగ్గరే గుమిగూడడానికి కారణం ఈ లెక్కే.

ఆ ఏప్రిల్లోనే మినెసోటా రాష్ట్రంలోని ఆస్టిన్ అనే చిన్న ఊళ్ళో, అమాండా హాకింగ్ అనే పాతికేళ్ళ యువతి తన నవలలను ఎక్కించడం మొదలుపెట్టింది. వికలాంగుల సంరక్షణ గృహాలలో పనిచేసి బతికే మనిషి. రాత్రిళ్ళు రాసిన నవలలు పదిహేను దాటాయి. ప్రచురణకర్తల తిరస్కార లేఖలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. షికాగోలో మప్పెట్ బొమ్మల ప్రదర్శన చూడడానికి 300 డాలర్లు కావాలి, అవి వస్తే చాలుననుకుంది. ఆర్నెల్లలో వచ్చింది 20 వేల డాలర్ల పైచిలుకు. ఇరవై నెలలు తిరిగేసరికి 15 లక్షల ప్రతులు అమ్ముడై, ఆదాయం 25 లక్షల డాలర్లకు చేరింది.

ఇక్కడితో ఆపితే ఇది కాశీమజిలీ కథ అవుతుంది. పత్రికలన్నీ దాదాపు ఇక్కడే ఆపాయి. అసలు చరిత్ర 2011 మార్చిలో ఉంది.

ఆ నెలలో బారీ ఐస్లర్ అనే పేరున్న థ్రిల్లర్ రచయిత, సెయింట్ మార్టిన్స్ ప్రెస్ అనే పెద్ద ప్రచురణ సంస్థ రెండు పుస్తకాలకు ఇవ్వజూపిన 5 లక్షల డాలర్లను కాదని, తన నవలలను తానే ప్రచురించుకుంటానన్నాడు. అదే నెలలో అదే సంస్థతో హాకింగ్ నాలుగు పుస్తకాలకు 20 లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం కుదుర్చుకుంది. లోపలివాడు బయటికి, బయటి మనిషి లోపలికి, ఒకే గుమ్మంలోంచి ఎదురుబొదురుగా నడిచారు.

ఐస్లర్ లెక్క అర్థం చేసుకోవడం సులువే. ఈ-పుస్తకం వెల 10 డాలర్లనుకుందాం. దుకాణం తన వాటా తీసుకుని ప్రచురణకర్తకు ఇచ్చేది 7 డాలర్లు. అందులో పాతిక వంతు, అంటే 1.75 డాలర్లు రచయితది. అందులోంచి ఏజెంటుకు నూటికి 15 పోగా మిగిలేది డాలరున్నర. అదే పుస్తకాన్ని 9.99కి తానే పెట్టుకుంటే సుమారు 7 డాలర్లు తనవే. కాగితం లేదు, గోదాము లేదు, లారీ లేదు. మరి మిగిలిన అయిదున్నర డాలర్లు దేనికి ఇవ్వాలి?

ఆ ప్రశ్నకు జవాబు హాకింగ్ దగ్గర దొరుకుతుంది. తన నిర్ణయాన్ని వివరిస్తూ ఆమె చెప్పిన కారణంలో డబ్బు ప్రధానం కాదు. వారానికి 40 గంటలు ఉత్తరాలకు జవాబులిస్తూ, ముఖచిత్రాలు సిద్ధం చేసుకుంటూ, ఎడిటర్లను వెతుక్కుంటూ గడపడం ఇష్టం లేదనీ, తనకు రచయిత్రిగా ఉండాలని ఉందనీ ఆమె చెప్పింది. డబ్బిచ్చి దిద్దించినా తన పుస్తకాలలో అచ్చుతప్పులు మిగిలాయని పాఠకులు వేలెత్తి చూపడం ఆమెను బాధించింది. మన అటక మీది కట్టల బరువు ఆమెకు లేదు. కానీ ప్రూఫులు, అట్ట, ప్రచారం, లెక్కలు, ఫిర్యాదులు అన్నీ అలాగే ఉన్నాయి. ప్రచురణకర్త చేసే పనులలో యంత్రం తీసుకున్నవి రెండే: అచ్చు, రవాణా. మిగిలినవన్నీ రచయిత నెత్తికెక్కాయి. ఐస్లర్ కూడా కొద్ది నెలల్లోనే అమెజాన్ సొంత ప్రచురణ విభాగానికి తన తరువాతి నవలను ఇచ్చాడన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన విషయం.

నెత్తికెక్కిన పనుల్లో అన్నిటికంటే కష్టమైనది పాఠకుడి కంటపడడం. కిండిల్‌లో 10 లక్షల ప్రతులు అమ్మిన తొలి స్వీయ ప్రచురణ రచయితగా 2011 జూన్‌లో జాన్ లాక్ పేరు మోగింది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులో, ఆయన డబ్బిచ్చి వందలకొద్దీ సమీక్షలు రాయించుకున్నాడని న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఆయన కాదనలేదు. మన దగ్గర పరిచయసభలూ శాలువాలూ ముందుమాటలూ ఉన్నట్టే అక్కడ చుక్కల గుర్తులు. గుంపులో గొంతు వినబడాలంటే కొందరు కేకలు కొనుక్కున్నారు.

రెండవ మార్పు ఇంకా లోతైనది, అది రచన ఆకారాన్నే తాకింది. 2014 జులైలో అమెజాన్ నెలకు 9.99 డాలర్లకు ఎన్ని పుస్తకాలైనా చదువుకునే పథకం పెట్టింది. అందులో చేరాలంటే స్వీయ ప్రచురణ రచయిత తన ఈ-పుస్తకాన్ని మరెక్కడా అమ్మకూడదు. పాఠకుడు పదో వంతు చదివితే రచయితకు నిధిలోంచి ఒక వాటా వస్తుంది, పుస్తకం 20 పుటలదైనా 600 పుటలదైనా ఒకే వాటా. సహజంగానే చిన్న పొత్తాలు పుట్టగొడుగుల్లా లేచాయి. 2015 జులై నుంచి చదివిన పుటకు ఇంత అని పద్ధతి మార్చారు. అది పుటకు సుమారు అర సెంటు. ఈసారి పుస్తకాలు లావెక్కాయి, పాత కథలనే వెనక అతికించి పుటలు నింపేవాళ్ళు తయారయ్యారు. వారపత్రిక సీరియల్ మన నవలను ప్రతివారం ఒక మలుపు దగ్గర ఆగేలా ఎలా మలిచిందో, దుకాణం లెక్కలు ఈ నవలలను అలా మలిచాయి. ఒక్కటే తేడా: సీరియల్‌కు ఒక సంపాదకుడుండేవాడు, ఆయనతో వాదించవచ్చు. ఇక్కడ నిబంధన ఒక తెల్లవారి మారుతుంది, వాదించడానికి ఎదుట మనిషి కనబడడు.

ఈ రెండు దారుల మధ్య మూడోది కనిపెట్టినవాడు హ్యూ హావీ. ఒక విశ్వవిద్యాలయం పుస్తకాల దుకాణంలో ఉద్యోగం చేస్తూ 2011 జులైలో 'వూల్' అనే చిన్న కథను ఎక్కించాడు. పాఠకులు తరువాత ఏమయిందని అడిగారు, ఆయన రాస్తూ పోయాడు. ప్రచురణకర్తలు వచ్చినపుడు, ఈ-పుస్తకం హక్కులు తనవే అని పట్టుబట్టి, అచ్చు హక్కులు మాత్రమే సైమన్ అండ్ షుస్టర్ సంస్థకు ఇచ్చాడు. అటువంటి ఒప్పందం అంతకుముందు అరుదు. దాని ఆధారంగా 2023లో 'సైలో' అన్న ధారావాహిక తెరకెక్కింది. ఏ పని తాను చేయగలడో అది ఉంచుకుని, చేయలేనిది అమ్ముకున్నాడు.

ఇక మన సంగతి. తెలుగు ప్రచురణరంగం చాలాకాలం అను వంటి ఫాంట్లలో పుస్తకాలు కూర్చింది. అవి యూనికోడ్ కావు. కంప్యూటర్లో ఉన్న పుస్తకమే అయినా వెతకడానికి వీలుకాదు, ఈ-పుస్తకంగా మార్చాలంటే అక్షరాలు చెదిరిపోతాయి. అందుకే మన తొలి ఈ-పుస్తకాలు ఎక్కువగా పుటల ఛాయాచిత్రాలే. లేఖినిలో టైపు చేస్తూ యూనికోడ్ కోసం వాదులాడిన మనకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ బ్లాగ్లోకంలోంచే 2010లో కినిగె వచ్చి, తెలుగు రచయిత ఈ-పుస్తకం అమ్ముకునే దుకాణం తెరిచింది. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపిలో తరువాత ఎందరో తెలుగు కథకులు, ముఖ్యంగా గృహిణులు, నేరుగా పాఠకులను చేరారు. అమెజాన్ 2016 డిసెంబరులో కిండిల్‌కు అయిదు భారతీయ భాషలను చేర్చినపుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. ఇంటి యజమాని వేరొకరైనపుడు వాకిలి ఎప్పుడు తెరవాలో అతనే నిర్ణయిస్తాడు.

2023 సెప్టెంబరులో అదే సంస్థ, కృత్రిమ మేధతో రాయించిన పుస్తకమైతే ఆ సంగతి తనకు చెప్పాలనీ, ఒకరు రోజుకు మూడు పుస్తకాలకు మించి ఎక్కించరాదనీ నియమం పెట్టింది. రోజుకు మూడు! ఏడాదికి ఒక నవల రాసేవాడు ఇప్పుడు ఎవరి పక్కన నిలబడి అమ్ముకోవాలో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

కనుక తన నవల తానే వేసుకోదలచిన మిత్రులకు ఈ చరిత్ర చెప్పేది మూడు మాటలు. మొహమాటం లేని ఇద్దరిచేత చదివించి దిద్దించాకే బయటపెట్టండి. మూలప్రతిని యూనికోడ్‌లో మీ దగ్గర ఉంచుకోండి, హక్కులు ఎవరికీ శాశ్వతంగా రాసివ్వకండి. మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, మళ్ళీ ఆ పాత పుట దగ్గరికే తీసుకెళ్తుంది.

"ప్రతులకు" అని ఇంటి చిరునామా వేసుకున్న రచయితకు నష్టం వచ్చింది నిజమే. కానీ ఏ బొబ్బిలి నుంచో, ఏ ఆదిలాబాద్ నుంచో ఒక మనియార్డరు వచ్చేది. దాని అడుగున నాలుగు ముక్కలు ఉండేవి. కొన్నది ఎవరో, ఏ ఊరో రచయితకు తెలిసేది. ఈ-పుస్తకం అమ్మిన రచయితకు ఇవాళ గంటగంటకూ అంకె కనబడుతుంది, పేరు కనబడదు. పేర్లన్నీ దుకాణం దగ్గర ఉంటాయి. పాఠకులు మళ్ళీ తనను వెతుక్కుంటూ రాగల తావు ఒకటి, అది ఎంత చిన్నదైనా సరే, రచయిత తనకంటూ ఉంచుకోవాలి. ప్రతులు పోయినా ఆ చిరునామా పోకూడదు.