పుటకు చిత్రము, చిత్రమునకు పాఠము

మన గ్రంథాలయము ఇరువదియైదు వత్సరములు నిండి రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున, సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని మిత్రులు కోరిరి. నేను పండితుడను గాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రులు దీపముకడ భారత భాగవతములు చదువుకొనినవాడను. కావున లెక్కలవానికి తెలిసిన విషయమునే, అనగా వ్రాతకు నకలు తీయు పద్ధతుల చరిత్రనే, చదువరులకు మనవి చేయుచున్నాను.

శుభలేఖ గాని, అడంగలు గాని, పద్యము గాని, చేతిలోని ఫోనుతో బొమ్మ తీసి పదిమందికి పంపుట నేడు పరిపాటియైనది. వ్రాతను బొమ్మగా మార్చి పంచుట క్రొత్త విద్యయని పలువురు తలంతురు. కాని యంత్రములు రాకమునుపే ఈ విద్య మన సీమలోని రాళ్లపై జరిగినది.

మచిలీపట్నమునకు పడమట ఘంటసాల కలదు. క్రీ. శ. రెండవ శతాబ్దిలో టాలమీ యను యవన భూగోళజ్ఞుడు పేర్కొనిన కొంటకొస్సుల ఇదియేనని చరిత్రకారుల అభిప్రాయము. అచట బ్రాహ్మీలిపిలో ప్రాకృత శాసనములు దొరకినవి. శాసనమునకు నకలు తీయువారు మొదట రాతిని కడిగి, తడికాగితము పరచి, కుంచెతో కొట్టి అక్షరపు గుంటలలోనికి దింపి, పైని సిరా అద్దుదురు. చుట్టును నలుపై, అక్షరము తెల్లగా నిలుచును. వోగెల్ పండితుడు ఘంటసాల శాసనములను ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 27వ సంపుటమున ప్రకటించెను. కంటకసోల యను ఊరిపేరు వానియందు కలదు. ఆ పత్రిక ఆచారమొకటి గమనింపదగినది. శాసన పాఠమును అక్షరములలో అచ్చొత్తి, రాతి చిత్రమును గూడ జతపరచుట వారి పద్ధతి. పాఠము చదువుకొనుటకు, చిత్రము సరిచూచుకొనుటకు. ఒక పండితుడు పొరపడినచో చిత్రమును జూచి మరియొకడు దిద్దును.

తాళపత్రములకు ఈ భాగ్యము లేకపోయెను. వానికి నకలన్న గంటముతో తిరిగి వ్రాయుటయే. వ్రాయసగాడు అలసినచో పంక్తి జారును. తెలియని పదమున్నచోట తెలిసిన పదము వచ్చి కూర్చుండును. 1820లో కడప చేరి, పిదప మచిలీపట్నమునందును కొలువు చేసిన సి. పి. బ్రౌను (1798–1884) ఈ చిక్కును బాగుగా ఎరిగినవాడు. ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, సొంత సొమ్ముతో పండితులను నియమించి, ప్రతిని ప్రతితో పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను.

అచ్చుపుస్తకముల కాలమున ఈ పని యంత్రమునకు సంక్రమించినది. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారమునందిన రాజ్ రెడ్డిగారు పది లక్షల గ్రంథముల పథకమునకు సారథ్యము వహించిరి. 2007 నాటికి భారతదేశము, చైనా మున్నగు దేశములలో స్కానుచేసిన గ్రంథములు 15 లక్షలకు చేరినవి. మన దేశమున దీనికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యని పేరు. ఇందు ప్రతిపుటయు ఒక చిత్రము. పాత వర్ణక్రమము, అంచున పాఠకుడు గీసిన గీత సైతము చెక్కుచెదరక నిలిచినవి. కాని పుస్తకముల పేర్లు పెక్కు రోమను లిపిలో తప్పులతో నమోదగుటచే, ఉన్న పుస్తకమే దొరకకపోయెను. లోపలి మాటను వెదకుట అసలే కుదరలేదు. యంత్రమునకు ఆ పుట చుక్కల గుంపు మాత్రమే.

చిత్రమునకు ఇంతటి ఆదరము కలుగుటకు వేరొక హేతువును కలదు. తొలినాటి తెలుగు ఫాంట్లు ఆంగ్లాక్షరముల సంఖ్యలపై తెలుగు రూపములను కూర్చినవి. ఆ ఫాంటు లేని యంత్రమున తెలుగంతయు అర్థములేని ఆంగ్లాక్షరములై తోచును. యూనికోడు 1991లోనే తెలుగునకు 128 స్థానములు కేటాయించినను, పాత ఫాంట్ల వాడుక చాలకాలము పోలేదు. నేనును ఆ చిక్కులో పడితిని. ఒక ఏడు నీటమునిగిన చేల జాబితా వ్రాసి ఒక కార్యాలయమునకు పంపగా, అచట ఒక్క పేరును చదువరాలేదు. పుటలన్నియు బొమ్మలుగా మార్చి పంపితిని; చక్కగా కనబడెను. కొన్ని నెలలకు ఒక రైతు వచ్చి, తన పేరున్నదా యని అడిగెను. అప్పటికి నా యంత్రము చెడి, మూలప్రతి పోయెను. బొమ్మలే మిగిలినవి. రాత్రియంతయు వరుసగా చదువగా పేరు దొరకినది గాని, విస్తీర్ణమున ఒక అంకె తప్పు. దానిని బొమ్మలో దిద్దజాలక జాబితానంతయు మరల వ్రాయవలసివచ్చెను. ఆ జాప్యమునకు రైతు నన్నేమియు అనలేదు. అనకపోవుటయే నాకు బాధయైనది.

మా వృత్తిలో రసీదు వేరు, ఆవర్జా వేరు. రసీదు లేని పద్దును నమ్మరాదు. ఆవర్జాకెక్కని రసీదు అవసరమునకు దొరకదు. పుట చిత్రము రసీదు, అక్షరపాఠము ఆవర్జా. తెలుగు వికీసోర్సునందు స్వచ్ఛంద సేవకులు చిత్రమును పాఠమును ప్రక్కప్రక్కన నుంచి దిద్దుచున్నారు. ఇది ఆ శాసన పండితుల పద్ధతియే. బొమ్మనుండి అక్షరములను గ్రహించు యంత్రములు నేడు వచ్చినను, వత్తులకడ ఇంకను పొరపడుచున్నవి. మనుష్యుని కన్ను తప్పదు.

మన గ్రంథాలయపు బీరువాలలో తాకిన పొడియగు పుస్తకములు కలవు. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను చూచిన సీమ మనది. కాగితమునకు నీరెంత శత్రువో మనకొకరు చెప్పనక్కరలేదు. రచయిత గతించి అరువది వత్సరములు దాటిన గ్రంథములకు చట్టపు అడ్డును లేదు. మొదట పుటలకు చిత్రములు తీయుదము. పిదప పదిమంది విద్యార్థులు దినమునకొక పుట చొప్పున యూనికోడున ఎక్కించినచో, మున్నూరు పుటల గ్రంథము ముప్పది దినములలో ముగియును. సరిచూచు పని నాకు అప్పగింపుడు. రాత్రులు మేలుకొనుట నాకు అలవాటే.