మోచేతి నుంచి గుండెదాకా

గెర్డా డిట్జెన్ ఆపరేషన్ బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉంది. కాళ్ళకి పట్టీలు. చేతులకి పట్టీలు. మోచేతి మడతలో అయోడిన్ చల్లగా తగిలింది. దాని ఘాటు ముక్కుకెక్కింది. ఇంకాసేపట్లో అక్కడ నరం కోసి, సన్నని గొట్టం ఒకటి గుండెదాకా పంపుతారు. అలా గుండెలోకి గొట్టం పంపితే ప్రాణం పోతుందని అప్పటి డాక్టర్లలో చాలామందికి గట్టి నమ్మకం. ఆ సంగతి నర్సుగా ఆమెకీ తెలుసు. తెలిసే ఒప్పుకుంది.

కత్తి దిగింది. ఆమె చేతిలో మాత్రం కాదు.

1929. బెర్లిన్‌కి ఈశాన్యాన ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊరు. అక్కడి ఆగస్టె విక్టోరియా ఆస్పత్రిలో సద్దుమణిగిన మధ్యాహ్నపు వేళ. వెర్నర్ ఫోర్స్‌మన్ డాక్టరై ఎంతో కాలం కాలేదు. పాతికేళ్ళ కుర్రాడు. చదువుకునే రోజుల్లో చూసిన ఒక బొమ్మ అతన్ని వదలడం లేదు. 1861లో షోవో, మారే అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు గుర్రం మెడ నరంలోంచి గుండెలోకి గొట్టం పంపి, లోపలి ఒత్తిడి కొలిచారు. గుర్రానికి ఏమీ కాలేదు. మరి మనిషికి?

ఆ రోజుల్లో గుండె ఆగిపోతున్న రోగికి మందు ఎక్కించాలంటే ఛాతీలోంచి సూది గుచ్చడమే దారి. గురి తప్పి రక్తనాళం చీరితే మందే మృత్యువు. నరంలోంచి వెళితే ఆ గండం ఉండదు కదా అన్నది ఫోర్స్‌మన్ వాదన. పెద్ద డాక్టర్ రిచర్డ్ ష్నైడర్ విన్నాడు. వద్దన్నాడు. పోనీ నా మీదే చేసుకుంటానంటే అదీ వద్దన్నాడు. ఫోర్స్‌మన్ తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. కొడుకు కూడా పోతే ఆ తల్లికి ఏం సమాధానం చెప్పాలి? ఫోర్స్‌మన్ మారు మాట్లాడలేదు. కానీ శుభ్రం చేసిన పరికరాల తాళాలు ఎవరి దగ్గరున్నాయో అతనికి తెలుసు.

గెర్డా దగ్గర. రోజుల తరబడి నచ్చజెప్పాడు. చివరికి ఆమె పరికరాలివ్వడమే కాదు, ప్రయోగం నామీదే చేయండంది. అతను సరేనన్నాడు. అదొక్కటే అబద్ధం.

ఆమెని కదలకుండా కట్టేసి, ఆమె మోచేతికి అయోడిన్ పూసి, తలవైపు ఆమెకి కనపడని చోటుకి జరిగి, తన ఎడమ మోచేతికి మత్తుసూది వేసుకుని, అది పట్టేదాకా ఆమె దగ్గర ఏదో పని చేస్తున్నట్టు నటించి, వెనక్కి వచ్చి చర్మం కోసి, నరం బయటికి తీసి, దానికి గంటు పెట్టి, మూత్రనాళాల పరీక్షకి వాడే 65 సెంటీమీటర్ల రబ్బరు గొట్టాన్ని నూనె రాసి లోపలికి తోశాడు. ముప్ఫై సెంటీమీటర్లు జారింది. నొప్పి లేదు. లోపల వెచ్చగా మాత్రం ఉంది. అప్పుడు గెర్డా కట్లు విప్పాడు. ఎక్స్‌రే సిస్టర్ని పిలవమన్నాడు. మోసం అర్థమై ఆమె భగ్గుమంది.

కోపగించుకునే వ్యవధి లేదు. ఎక్స్‌రే గది కింది అంతస్తులో ఉంది. చేతిలో గొట్టం వేలాడుతుండగా అతను మెట్లు దిగడం మొదలెట్టాడు.

తెలివిమాలిన సాహసంలా కనిపిస్తుంది. కాదు. మూడు వందల ఏళ్ళ కిందటే, 1628లో, విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు రక్తం ఒళ్ళంతా చుట్టి మళ్ళీ గుండెకే చేరుతుందని రుజువు చేశాడు. చేతికి కట్టు బిగించి, ఉబ్బిన నరం మీద వేలు పెట్టి నొక్కి చూపించాడు. ఈ నరాల్లో, అంటే సిరల్లో, చిన్న చిన్న కవాటాలుంటాయి. ఒకవైపే తెరుచుకునే తలుపుల్లాంటివి. గుండెవైపు పోయే రక్తానికి దారిస్తాయి, వెనక్కి మళ్ళితే మూసుకుంటాయి. ఫోర్స్‌మన్ గొట్టం వెళ్తున్నది ఆ తలుపులు తెరుచుకునే దిక్కునే. మోచేయి, భుజం, మెడ ఎముక కింద మలుపు, అక్కణ్ణుంచి పెద్ద సిర, గుండె కుడి కర్ణిక. దారి పుస్తకంలో ఉంది. కానీ ఆ చివరి మలుపు అతని ఒంట్లో ఎలా ఉందో ఎవరు చూశారు?

చీకటి గది. మెరిసే తెర. తెర అతనికి కనపడేలా నర్సు ఎదురుగా అద్దం పట్టుకుంది. గొట్టం కొస భుజం దగ్గరే ఆగి ఉంది. ఇంతలో తలుపు తోసుకుని మిత్రుడు పీటర్ రోమైస్ లోపలికి దూసుకొచ్చాడు. గొట్టం పట్టుకుని లాగేయబోయాడు. ఫోర్స్‌మన్ కాలితో తన్ని అతన్ని ఆపాడు. మళ్ళీ తోశాడు. మెడ ఎముక వెనక వేడి. దగ్గు ముంచుకొచ్చింది. అరవై సెంటీమీటర్లు.

అద్దంలో కొస కుడి కర్ణికలో ఉంది. గుండె కొట్టుకుంటూనే ఉంది.

ఆ గుండె గదిలోకే ఒళ్ళంతా తిరిగి అలసిన ముదురు రంగు రక్తం చేరుతుంది. అక్కణ్ణుంచి కుడి జఠరికకి, ఊపిరితిత్తులకి. ప్రాణవాయువు నింపుకుని ఎర్రగా ఎడమవైపు తిరిగొస్తుంది. ఎడమ జఠరిక గట్టిగా పిండితే బృహద్ధమనిలోకి ఎగదన్నుతుంది. ఊరికే కూర్చున్న మనిషి గుండె కూడా నిమిషానికి సుమారు అయిదు లీటర్లు తోస్తుంది. అంటే ఒంట్లో ఉన్న రక్తం దాదాపు అంతా. అంత జోరు మధ్య ఒక మనిషి తన గుండెలో గొట్టంతో నిలబడి, ఫొటో తీయమన్నాడు.

ఆ ఎక్స్‌రే నవంబరులో ఒక జర్మన్ వైద్యపత్రికలో అచ్చయింది. మెప్పు రాలేదు. బెర్లిన్ షారిటే ఆస్పత్రిలో మహా సర్జన్ సావర్‌బ్రుఖ్ ఇలాంటివి సర్కస్‌కి పనికొస్తాయని కొట్టిపారేశాడంటారు. ఫోర్స్‌మన్ గుండెని వదిలేసి మూత్రవ్యాధుల వైద్యుడయ్యాడు. 1932లో నాజీ పార్టీలో చేరాడు. ఆ మచ్చని ఏ ఎక్స్‌రే చెరపలేదు. యుద్ధంలో సైనిక వైద్యుడై, చివరికి అమెరికన్లకి బందీగా చిక్కాడు. ఈలోగా న్యూయార్క్‌లో కూర్నాన్, రిచర్డ్స్ అనే ఇద్దరు డాక్టర్లు అతని దారినే పట్టుకుని గుండె గదుల్లో ఒత్తిడినీ, ప్రాణవాయువునీ కొలవడం మొదలెట్టారు. 1956లో నోబెల్ బహుమతి ముగ్గురికీ కలిపి వచ్చింది.

ఈ రోజు ఇలా గుండెదాకా గొట్టం పంపి పరీక్షించే క్యాథ్ ల్యాబ్‌లు మన జిల్లా కేంద్రాల్లో కూడా చాలాచోట్ల ఉన్నాయి. యాంజియోగ్రామ్‌లో గొట్టం మణికట్టు దగ్గరో, తొడ దగ్గరో ధమనిలోంచి వెళ్తుంది, రక్తానికి ఎదురీది, గుండెకే రక్తమిచ్చే నాళాల మొదలుదాకా. రోగి మెలకువగానే ఉంటాడు. అయినా గుండెలోకి తీగ అనగానే ఇంట్లో గుబులు, ఇంకో నెల చూద్దామన్న మాట. ఛాతీలో బరువు, చెయ్యి లాగడం, చెమటలు కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి. డాక్టరు యాంజియోగ్రామ్ రాస్తే వాయిదా వేయకండి.